వత్తులు చేసిన రాకుమారుడు

నల్లసానకొండ శిఖరం దగ్గర పడగానే గండభేరుండ పక్షి ఒక్కసారిగా రెక్కలు విదిలించింది. దాని కాలు పట్టుకుని వేలాడుతున్న రత్నాంగద రాకుమారుడు పట్టు తప్పి, గాలిలో పల్టీలు కొట్టి, కొండ అంచున పెరిగిన నాగజెముడు పొదమీద పడ్డాడు. ముళ్లు ఒళ్లంతా గుచ్చుకున్నాయి గాని ప్రాణం నిలిచింది. "పరమేశ్వరా, పొదనైనా అడ్డం పెట్టావు, అదే పదివేలు" అనుకుంటూ లేచి ముళ్లు పీక్కున్నాడు.

అతడు ఇంత దూరం వచ్చింది మేనకోడలు హేమలేఖ కోసం. పాలపళ్లు ఇంకా పూర్తిగా ఊడని పిల్ల.

ఇంద్రనీలపుర రాజ్యంలో ప్రతి ఇంటి పిల్లా ఏదో ఒక వాద్యం నేర్చుకుని వసంతోత్సవాన దేవుడి ఎదుట వాయించాలని ఆచారం. దేవుడి కోసం మొదలైన ఆ ఆచారం పోనుపోను పక్కింటివాళ్ల కోసం అయింది. ఎవరి పిల్ల తప్పు లేకుండా వాయించింది, ఎవరి పిల్లవాడు నడుమ తడబడ్డాడు అన్నదే ఊరంతా మాట. వాయిద్యం ముట్టుకోగానే పిల్లలకు "తప్పు, తప్పు" అనే మాట వినపడేది. అది కనిపెట్టి శుష్కనాదుడు అనే మాంత్రికుడు సంగీత గురువు వేషంలో నగరానికి వచ్చాడు. పిల్లల వేళ్లకు బంగారు గోటితొడుగులు తొడిగాడు. తొడిగిన క్షణం నుంచి పిల్లలు ఆరితేరిన విద్వాంసుల్లా వాయించారు. తల్లిదండ్రులు ఆయన పాదాలమీద పూలు చల్లారు. ఉత్సవం ముగిసిన మరునాడు తొడుగులు తొడుక్కున్న పిల్లలందరూ, కన్నతల్లి పిలిచినా వెనక్కి తిరగకుండా, ఆ గురువు వెంట నడిచి వెళ్లిపోయారు. వాళ్లలో రాకుమారుడి అక్కగారి ఒక్కగానొక్క కూతురు హేమలేఖ ఉంది.

అడవిలో కలిసిన ఒక యోగి రాకుమారుడికి గుట్టు చెప్పాడు. "పిల్ల తనంతట తాను, తన చేత్తో, ఒక పాట మొదటినుంచి చివరిదాకా వాయిస్తే ఆ తొడుగులు వాటంతటవే రాలిపోతాయి. పున్నమి చంద్రుడు పొడిచేలోగా రాలాలి నాయనా. పొడిచాక అవి గోళ్లలో కలిసిపోతాయి. ఆ తర్వాత ఆ పిల్ల నీకు దక్కదు, మాంత్రికుడి ఆయువుగా మారిపోతుంది."

ఆ పున్నమి నేడే. పొద్దు అప్పటికే నడినెత్తి దాటింది.

రాకుమారుడు నాలుగడుగులు వేశాడో లేదో, దారి పక్కనున్న నల్లరాళ్లు ఒళ్లు విరుచుకుని కుక్కలై లేచాయి. నిప్పుకణికల్లాంటి కళ్లతో, కోరలు నూరుతూ చుట్టుముట్టాయి. అవి ఇనుము వాసన పట్టే కుక్కలని యోగి చెప్పిన మాట అతడికి చప్పున గుర్తొచ్చింది. తాతల నాటి కత్తిని కళ్లకద్దుకుని లోయలోకి విసిరేశాడు. కుక్కలన్నీ దానివెంట దూకాయి. కింద ఎక్కడో రాళ్లు దొర్లిన చప్పుడు చాలాసేపు వినిపించింది.

అలా కత్తి లేని వీరుడు కోట ముందు నిలిచాడు.

ఏమి కోట అది! నల్లరాతి గోడలు అద్దంలా నున్నగా ఉన్నాయి. బురుజులు వీణదండాల్లా ఆకాశంలోకి సాగాయి. వాటి కొసన మకరముఖాలు, మకరముఖాల నోట మాణిక్యాలు. గోడల్లో చెక్కిన రంధ్రాల్లోంచి గాలి వీస్తే వేయి వేణువులు ఒకే శ్రుతిలో పలికినట్టుంది. అగడ్తలో నీళ్లు ఆ శ్రుతికి అనుగుణంగా వలయాలు వలయాలుగా కదులుతున్నాయి. కలువపూలు కూడా ఒకే కొలతలో, ఒకే ఎత్తులో విచ్చుకున్నాయి. అంత అందమైన కోటమీద ఒక్క పిచ్చుక గూడు లేదు.

రాకుమారుడు అగడ్త ఒడ్డున తుమ్మచెట్టు చాటున, వెంట తెచ్చుకున్న తెల్లగడ్డం తగిలించుకున్నాడు. భుజాన సంచి వేసుకున్నాడు. అందులో తేనెమైనం, వెదురుపుల్లలు, ఎండు సొరకాయ బుర్రలు ఉన్నాయి. వీపు వంచి, దగ్గుతూ ద్వారం దగ్గరికి నడిచాడు.

ద్వారానికి అడ్డంగా గుండ్రాక్షుడనే రాక్షసుడు కూర్చుని ఉన్నాడు. చేటలంత చెవులు, ఆ చెవుల్లో దూది.

"ఎవడ్రా అది?"

"వాయిద్యాలు బాగుచేసేవాణ్ణి బాబయ్యా. మెట్టు ఊడితే మైనం పెడతాను, బుర్ర పగిలితే అతుకుతాను."

"బుర్రా? నాది కూడా అతుకుతావా?"

"అది చూస్తేగాని చెప్పలేను బాబయ్యా. లోపల ఏమైనా మిగిలి ఉండాలిగా."

రాక్షసుడు ఒక్క క్షణం గుడ్లురిమాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "గట్టివాడివే ముసలాడా! ఈ కోటలో పరాచికమాడినవాణ్ణి నిన్నే చూశాను."

"చెవుల్లో దూది ఎందుకు బాబయ్యా, చీము కారుతోందా?"

"చీమైతే బాగుండును. ఈ పిల్లలు పొద్దున లేచింది మొదలు ఒక్క తప్పు లేకుండా వాయిస్తారు. వినీ వినీ నా చెవులకు తిమ్మిరెక్కింది. మా అమ్మ జోలపాట ఎత్తుకుంటే కొట్టంలో గేదెలు పలుపులు తెంపుకునేవి. అయినా నాకు నిద్ర పట్టేది. ఇక్కడ రెప్ప వాలదురా!" అని రాక్షసుడు ముక్కు చీదుకున్నాడు. "సరేలే, ఉత్తరపు బురుజులో పిల్ల కిన్నెరకు మెట్టు ఊడింది. స్వామి నేలమాళిగలో జపంలో ఉన్నారు, చంద్రోదయానికి లేస్తారు. ఈలోగా బాగుచేసి పో."

రాకుమారుడు మెట్లెక్కి బురుజు గది తలుపు తోశాడు. పట్టుపరుపుమీద హేమలేఖ కూర్చుని ఉంది. ఒళ్లో చిన్న కిన్నెర. వెదురు దండం, దానికింద సొరబుర్రలు, దండంమీద మైనంతో అతికించిన మెట్లు. ఒక మెట్టు లేకపోయినా ఆమె వేళ్లు తీగలమీద మెరుపుల్లా కదులుతున్నాయి. తొడుగులు తళతళలాడుతున్నాయి. పిల్ల కళ్లు మాత్రం ఎదుటి గోడమీదే ఉన్నాయి, బొమ్మకు పెట్టిన కళ్లలాగా.

గడ్డం ఊడబీకి, "హేమా! నేను తల్లీ, మామయ్యను!" అన్నాడు.

"మెట్టు పెట్టు" అంది పిల్ల. అంతే.

అతడు మైనాన్ని అరచేతిలో మెత్తగా నలిపి మెట్టు అతికించాడు. మెల్లగా ఆమె చేతిని తీగలమీంచి తొలగించాడు. "తల్లీ, నీకు మొట్టమొదట నేర్పిన పిచ్చుకల పాట జ్ఞాపకం ఉందా? అది ఒక్కసారి నీకు నువ్వుగా వాయించమ్మా. గురువుగారు చెప్పినట్టు కాదు, నీకు వచ్చినట్టు."

పిల్ల కనుబొమలు ముడిచింది. నీళ్లలో మునిగినవాళ్లు పైకి ఈదుతున్నంత ప్రయాసతో ఒక తీగ మీటింది. తర్వాత ఇంకొకటి. వేళ్లు బరువుగా, తడబడుతూ కదిలాయి. అవి ఆమె వేళ్లే. రాకుమారుడి గుండె ఉప్పొంగింది. రెండో చరణంలో వేలు జారింది.

"అలా కాదమ్మా, ఆ పై మెట్టు" అన్నాడు.

తొడుగులు చురుక్కున మెరిసి, వేళ్లను బిగించాయి. మరుక్షణం పాట తప్పు లేకుండా, జలపాతంలా దూకింది. పిల్ల కళ్లు మళ్లీ గోడమీదికి పోయాయి.

రెండోసారి అతడు మాట్లాడలేదు. వేలు జారబోతుంటే దాన్ని పట్టుకుని సరైన మెట్టుమీద పెట్టాడు. తొడుగులు ఇంకా బిగిశాయి. మూడోసారి చేతులు కట్టుకుని కూర్చున్నాడు, కానీ తప్పు వినపడగానే నాలుక "ట్చ్" అంది. రాజ్యంలోకెల్లా మేటి వైణికుడు కదా, నాలుక అతడి మాట వినలేదు. పిల్ల వేలి కొసన రక్తపుబొట్టు పొడుచుకొచ్చింది.

"నువ్వు కూడా గురువుగారిలాగే ఉన్నావు" అంది హేమలేఖ ఏ భావమూ లేని గొంతుతో. "నువ్వెవరు?"

రాకుమారుడు గోడకు చేరగిలబడి కూర్చుండిపోయాడు. రాక్షసులతో పోరాడమంటే పోరాడగలడు. ఈ పిల్ల ముందు ఏం చెయ్యాలో అతడికి తెలియలేదు. కిటికీలోంచి ఎండ పచ్చబడి గదిలో సగందాకా పాకింది. కళ్లు మూసుకుని, "జగన్మాతా, ఒక్క దారి చూపించు తల్లీ" అని వేడుకున్నాడు.

ఆకాశవాణి పలకలేదు. అమ్మవారు ప్రత్యక్షం కాలేదు. అతడికి తన తల్లి జ్ఞాపకం వచ్చింది, అంతే. అమ్మవారు ఎవరి రూపంలో వస్తుందో మనకేం తెలుసు?

నీకు వీణ ఎవరు నేర్పారని అడిగితే రత్నాంగదుడు ఎప్పుడూ గురువుగారి పేరే చెప్పేవాడు. తల్లి పేరు ఒక్కనాడూ చెప్పలేదు. ఆమెకు సరిగమలు కూడా రావు. కానీ తను వీణ ముందు కూర్చున్న ప్రతి ఉదయం ఆ పక్కనే పీట వేసుకుని, రేపటి పూజకు వత్తులు చేసుకుంటూ ఆమె కూర్చునేది. తను వీణ కిందపెట్టేదాకా లేచేది కాదు. అటు చూసేది కాదు. ఒక్క మాట అనేది కాదు. ఆ మౌనంలోనే తను ఎన్ని తప్పులు చేశాడో, ఎన్ని దిద్దుకున్నాడో! ఆ తల్లే, తర్వాత ఈ మనవరాలి పక్కన కూడా అలాగే కూర్చునేది. ఆమె పోయాక ఆ పీట ఖాళీగా ఉంది. దానిమీద కూర్చునే పని ఎవరిదని అంతఃపురంలో ఎవరూ అడగలేదు.

రాకుమారుడు లేచి పట్టుదిండు ఒకటి చించాడు. లోపల బూరుగుదూది తెల్లగా ఉబికింది. పిల్లకు కొంచెం పక్కగా, మఠం వేసుకుని కూర్చున్నాడు. నుదుటి విభూతి వేళ్లకు అద్దుకుని, ఒక దూదిపింజ తొడమీద పెట్టి అరచేత్తో తిప్పాడు. అది చుట్టుకోకుండా విడిపోయింది. మళ్లీ తిప్పాడు. ఒక కొన లావుగా, ఒక కొన తోకలా వచ్చింది. కత్తి తిప్పిన చెయ్యి దూది దగ్గర చేతకాక చెమట పట్టింది.

తీగల చప్పుడు ఆగింది. పిల్ల ఇటు చూస్తోంది.

"అదేమిటి?"

"వత్తి."

"వత్తా? పలుపుతాడు అనుకున్నాను."

"నాకు రాదు తల్లీ. ఇప్పుడే నేర్చుకుంటున్నాను."

హేమలేఖ మెడ సాచి చూసింది. పెదవి కొసన ఏదో కదిలింది. "అమ్మమ్మ ఇంకా సన్నగా చేసేది. అయినా ఫరవాలేదు మామయ్యా, దీపానికి వంకర తెలియదులే."

మామయ్య! రాకుమారుడికి కళ్లనీళ్లు తిరిగాయి. తల ఎత్తితే ఆ మాట ఎగిరిపోతుందేమోనని తల ఎత్తలేదు. ఇంకో పింజ తీసుకున్నాడు.

పిల్ల కిన్నెర సర్దుకుంది. పిచ్చుకల పాట మొదలుపెట్టింది. మొదటి చరణం కుంటుతూ నడిచింది. రెండో చరణంలో వేలు మళ్లీ అక్కడే జారింది. రాకుమారుడు వత్తి తిప్పుతూనే ఉన్నాడు. పిల్ల ఆగి, దొంగచూపుగా మామయ్యను చూసి, జారిన చోటినే మళ్లీ మీటింది. మళ్లీ తప్పు. మళ్లీ మీటింది. ఈసారి పలికింది! చిటికెనవేలి తొడుగు వదులై గలగలమంది.

అదే క్షణంలో కోట గోడల్లోని వేణునాదం తెగింది. అగడ్తలో వలయాలు ఒకదాన్నొకటి ఢీకొన్నాయి. నేలమాళిగలో జపమాల తెగి పూసలు దొర్లాయి. మెట్లమీద ధనధనమని అడుగుల చప్పుడు.

"తప్పు! నా కోటలో తప్పు!" అంటూ వచ్చాడు శుష్కనాదుడు. ఎండిన చింతబరికెలాంటి ఒళ్లు, ఉప్పుచేపలాంటి కళ్లు. తలుపు ముందు గుండ్రాక్షుడు అడ్డంగా నిలబడి ఉన్నాడు. చెవుల్లో దూది తీసేసి ఉంది. చెంపలు తడిసి ఉన్నాయి.

"తప్పుకో!"

"ఒక్క నిమిషం ఆగండి స్వామీ. పిల్ల చాలా బాగా తప్పుతోంది."

"నిన్ను బూడిద చేస్తాను!"

"చెయ్యండి స్వామీ. పాట అయ్యాక చెయ్యండి. మా అమ్మ జ్ఞాపకం వస్తోంది."

మాంత్రికుడు చేతిలోని ఎముకదండం ఎత్తాడు గాని, రాక్షసుడి ఒళ్లు తలుపు నిండా ఉంది, తలుపుకు ఇనుపబద్దలు బిగించి ఉన్నాయి; వాటిని కాల్చేలోగా పాట అయిపోతుంది. చట్టున ఉపాయం మార్చాడు. గొంతు సవరించుకుని, అచ్చంగా హేమలేఖ తల్లి గొంతుతో పిలిచాడు.

"హేమా! మూడో చరణం అలాగేనా? ఊరివాళ్లంతా వింటున్నారు. నా పరువు తీస్తున్నావు కదే!"

పిల్ల వేలు గాలిలో ఆగిపోయింది. వదులైన తొడుగు నెమ్మదిగా మళ్లీ బిగియసాగింది. కిటికీలో ఎండ నారింజరంగుకు తిరిగింది. తూర్పు కొండల వెనక ఆకాశం పాలిపోతోంది. రాకుమారుడి గొంతులో వంద మాటలు కొట్టుకున్నాయి. అది మీ అమ్మ కాదు తల్లీ, వినకు, వాయించు, తొందరగా! ఒక్క మాట చాలదా అనిపించింది. కానీ ఆ మాట కూడా పాటను తను లాక్కోవడమే కదా?

వాయించడానికి ఎంత ధైర్యం కావాలో, వినడానికీ అంత ధైర్యం కావాలి కాబోలు. అతడు దూదిపింజ తీసుకుని తిప్పాడు. అది విడిపోయింది. మళ్లీ చేర్చి తిప్పాడు. మళ్లీ విడిపోయింది. నిట్టూర్చి, వేళ్లకు విభూతి అద్దుకుని, మొదటినుంచి ఆరంభించాడు.

హేమలేఖ అది చూస్తూ ఉంది.

తర్వాత కిన్నెరమీదికి వంగి, ఆగిన చోటు నుంచి మూడో చరణం ఎత్తుకుంది. రెండుచోట్ల తప్పింది. ఒకచోట మరిచిపోయి, ఆ ఖాళీలో గొంతెత్తి పాడేసింది. చివరి తీగ మాత్రం గట్టిగా, నిండుగా మీటింది. అది ఇంకా మోగుతూ ఉండగానే బంగారు తొడుగులన్నీ నేలమీద రాలి, ఎండిన పురుగులై ముడుచుకుపోయాయి.

"అయిపోయింది మామయ్యా!" అంటూ పిల్ల అతడి మెడ కరుచుకుంది. ఆ కళ్లలో ఇప్పుడు గోడ లేదు. "బాగుందా?"

"నాకు ఇంకోసారి వినాలనుంది" అన్నాడు రాకుమారుడు.

"ఇంకోసారి వినే తీరిక లేదు బాబూ!" అని అరిచాడు గుండ్రాక్షుడు బయటినుంచి. మాంత్రికుడి ఎముకదండం నుంచి నీలిమంట లేచింది. తలుపు ఇనుపబద్దలు మైనంలా కరగడం మొదలుపెట్టాయి. రాక్షసుడు వీపు కాలుతున్నా కదలలేదు. "కిటికీ! కిటికీలోంచి పొండి! నేను ఇంకొంచెంసేపు లావుగానే ఉంటాను!"

రాకుమారుడు పిల్లను కిన్నెరతో సహా వీపున ఎక్కించుకుని కిటికీలోకి లంఘించాడు. కింద పాతాళమంత లోయ. కిటికీ నుంచి ఎదుటి బురుజుదాకా జానెడు వెడల్పు రాతిగోడ సాగి ఉంది. దానిమీద కాలు మోపాడో లేదో, ఎదుటి బురుజులోంచి ఒక చప్పుడు వినిపించింది. డోలు మీద దెబ్బ. ఒకటి, ఇంకొకటి, తడబడుతూ మూడోది. ఇన్నాళ్లుగా తప్పు అనేదే వినని కోటలో హేమలేఖ తప్పులు తక్కిన పిల్లలెవరో విన్నారు! విని, తొడుగులకు ఎదురుతిరిగి, సొంతంగా చెయ్యి కదుపుతున్నారు!

నాలుగో దెబ్బ పడలేదు. డోలు ఆగిపోయింది.

"మామయ్యా, భయపడిపోయారు" అంది హేమలేఖ అతడి చెవిలో. "వాళ్ల పక్కన ఎవరూ కూర్చోలేదు."

తూర్పున కొండ అంచు వెండిరంగు తేలింది. వెనక తలుపు భళ్లున విరిగిన చప్పుడు. నీలిమంట కిటికీలోంచి నాలుక చాచి రాకుమారుడి ఉత్తరీయం కొసకు అంటుకుంది. అతడు ఉత్తరీయాన్ని లోయలోకి వదిలేసి, చేతులు బారసాచి, ఆ సన్నని గోడమీద పరుగు తీశాడు. వీపుమీద పిల్ల ఒక చేత్తో మామయ్య మెడ పట్టుకుని, ఇంకో చేత్తో కిన్నెర తీగ మీటింది. పరుగు కుదుపుల్లో మీటినందువల్ల శ్రుతి చెదిరింది. ఆ చెదిరిన శ్రుతి లోయ దాటి ఎదుటి బురుజు చేరింది.



అప్పుడు డోలు మళ్లీ ఒక్క దెబ్బ పలికింది. తాళం తప్పింది. రాకుమారుడు ఆ దెబ్బ వినవచ్చిన వైపు ఇంకా వేగంగా పరుగెత్తాడు.